చెరువు అంచున పొన్నగంటి: ఏది అసలుది, ఏ నీటిది తినొచ్చు

మీరు అడిగినవి మూడు. బెంగళూరులో వర్తూరు వైపు మీ అపార్ట్‌మెంట్ వెనక చెరువు అంచున తెల్లపూల తీగ గుబురుగా పెరిగింది. మీ అత్తగారు చూసి "ఇది పొన్నగంటే, మా అనంతపురం కాలవ గట్ల మీద ఇదే కోసేవాళ్లం" అన్నారు. అది నిజంగా పొన్నగంటేనా, కోసి వండుకోవచ్చా, కాకపోతే బాల్కనీలో పెంచుకోవడం ఎలా?

మొదటిదానికి జవాబు: కాదు. రెండోదానికి: వద్దు. లావుపాటి బోలు కాడ, ఆకు పంగలోంచి ఒకటిన్నర అంగుళాల కాడతో పైకి లేచి నిలబడ్డ ఒంటి పూబంతి, సగం తీగ నీటి మీద తేలడం అని మీరు రాశారు. ఈ వర్ణన ఎలిగేటర్ వీడ్‌ది. పొన్నగంటికి స్వయానా దాయాది. రెండూ ఆల్టర్నాంథెరా జాతివే, రెండూ తోటకూర కుటుంబానివే. పొన్నగంటి శాస్త్రనామం ఆల్టర్నాంథెరా సెసిలిస్ అయితే దీనిది ఆల్టర్నాంథెరా ఫిలాక్సెరాయిడెస్. సొంతూరు దక్షిణ అమెరికా. బెంగళూరు చెరువుల్లో గుర్రపుడెక్కతో పోటీపడి పరుచుకున్న మొక్క ఇదే. మీ అత్తగారి తప్పేం లేదు. ఇక్కడ పశువులకు మేత కోసేవాళ్లూ, కూరకు కోసేవాళ్లూ చాలామంది దీన్ని కూడా హొనగొన్నె అనే పిలుస్తారు. పొన్నగంటికి కన్నడంలో పేరు అదే కాబట్టి బజారుకొచ్చేసరికి రెండూ ఒకే కట్టలో కలిసిపోతాయి.

ఎలిగేటర్ వీడ్ విషం కాదు, లేత చివళ్లు తినేవాళ్లున్నారు. అసలు చిక్కు మొక్క పేరులో కంటే అది నిలబడ్డ నీటిలో ఉంది. అక్కడికి వెళ్లేముందు గుర్తులు చెబుతాను. రేపు ఊరెళ్లినప్పుడు పొలం గట్టు మీద కోయాలన్నా, బజారులో కట్ట కొనాలన్నా పనికొస్తాయి.

పూత చూడండి, మిగతావన్నీ ఆ తర్వాతే. పొన్నగంటికి పూలు ఆకు పంగలోనే, కణుపుకి అంటుకుని కూర్చుంటాయి. కాడ ఉండదు. సెసిలిస్ అన్న మాటకి అర్థమే కాడ లేనిది అని. ఒక్కో పంగలో ఒకటి నుంచి నాలుగు దాకా చిన్న ముద్దలు, ఒక్కోటి కందిగింజంత. తెల్లగా, పొడి కాగితంలా మెరుస్తాయి. వేలితో నలిపితే పొట్టులా రాలతాయి. ఎలిగేటర్ వీడ్‌కి పంగకి ఒక్కటే పూబంతి, అర అంగుళం వెడల్పు, ఒకటి నుంచి ఆరు సెంటీమీటర్ల కాడ చివర. దూరం నుంచి చూసినా తీగ మీద తెల్ల చుక్కలు ఆకుల పైకి లేచి కనిపిస్తే ఇది. పొన్నగంటి పూత కనబడాలంటే ఆకు పక్కకి తొలగించి చూడాల్సిందే.

కాడ బోలుగా ఉందా గట్టిగా ఉందా అన్న పరీక్ష అందరూ చెబుతారు, దాని మీదే ఆధారపడకండి. గట్టున పెరిగిన పొన్నగంటి కాడ సన్నగా, అగ్గిపుల్లంత లావున, నిండుగా ఉంటుంది. అదే మొక్క నీళ్లలోకి పాకితే కింది కాడలు ఉబ్బి కొంత బోలు అవుతాయి. ఎలిగేటర్ వీడ్ కాడ పెన్సిలంత లావెక్కి గొట్టంలా ఉంటుంది, కానీ అది కూడా పొడినేల మీద పాకినప్పుడు సన్నబడుతుంది. కణుపుల దగ్గర నూగు గుర్తు కూడా అంతే. రెండిటికీ ఉంటుంది. ఆకు విషయానికొస్తే, పొన్నగంటి ఆకు పలచన, నున్నన, కోలగా, రెండు చివరలా సన్నబడి, ఎదురెదురు జతలుగా వస్తుంది. ఎలిగేటర్ వీడ్ ఆకు మందంగా, మైనం పూసినట్టు నిగారింపుతో ఉంటుంది. పక్కపక్కన పెడితే తేడా తెలుస్తుంది, ఒక్కటే చేతిలో ఉంటే తెలియదు.

పూత లేకపోతే? కోయకండి. ఒక రెమ్మ తెచ్చి గ్లాసు నీళ్లలో, ఎండ తగిలే కిటికీ దగ్గర పెట్టండి. రెండూ కణుపుల నుంచి వేళ్లు వేసేవే, కాబట్టి బతుకుతుంది. పూత వచ్చాక తేల్చుకోవచ్చు. తొందరేమీ లేదు.

అదే తేమ నేలలో పెరిగే మరికొన్ని మొక్కలు కూడా కోత చేతిలోకి వచ్చేస్తాయి. గుంటగలగర ఆకు గరుకుగా ఉంటుంది, నలిపితే వేళ్లు కాసేపటికి నల్లబడతాయి, పువ్వు బుల్లి చామంతిలా ఉంటుంది. అది తినేదే, కాకపోతే చేదు. ఆకులు ఎదురెదురుగా కాక ఒకదాని తర్వాత ఒకటి వస్తూ, ప్రతి కణుపు చుట్టూ పలచటి పొర తొడుగులా ఉంటే అది పొన్నగంటి కుటుంబమే కాదు, పక్కన పెట్టేయండి. దారుల పక్క ఎండు నేలలో చాపలా పరుచుకుని, పూముద్దలు గుచ్చుకునేది ముళ్ల రకం. చెప్పులకి అంటుకుని ఊరంతా తిరుగుతుంది. అదీ ఈ జాతిదే గానీ కూరకు పనికిరాదు. బజారులో ఎర్రటి, ముదురు ఊదా ఆకులతో అమ్మేది సీమ పొన్నగంటి, చెన్నైలో సీమై పొన్నాంగణ్ణి అంటారు. అది తోటల్లో పెంచే వేరే రకం, నిక్షేపంగా వండుకోవచ్చు. తడినేలలో దానంతటది మొలవదు కాబట్టి చెరువు దగ్గర ఎర్ర ఆకు కనబడితే సీమ పొన్నగంటి అనుకోవద్దు. ఎండకి, నీరు చాలక ఎర్రబడ్డ మామూలు మొక్కే అయ్యుంటుంది.

ఇక ఎక్కడ పెరుగుతుంది అన్నది. పొన్నగంటి లోతు నీటి మొక్క కాదు. నీరు వచ్చిపోయే అంచు దానికి ఇష్టం: వరి గట్లు, పంటకాలువ ఒడ్డు, చెరువు కట్ట వెనక ఊట దిగే చోటు, బోరు తొట్టి పక్కన నీరు కారే తడి, కొబ్బరి తోటలో చెట్ల మధ్య కాలవలు. ఈ జాబితాలో చివరి రెండూ కోతకి మంచివి, ఎందుకంటే అక్కడి నీరు ఎక్కడి నుంచి వస్తోందో కళ్లకి కనబడుతుంది. వరి గట్టు కూడా మంచిదే గానీ రైతుని అడగాలి. పొలంలో వెడల్పాకు కలుపుకి 2,4-డి లాంటి మందు కొట్టేది ఇలాంటి మొక్కల కోసమే. చివళ్లు మెలితిరిగి, ఆకులు సాగినట్టు వంకరపోయి ఉంటే మందు పడిందని అర్థం. ఆ గట్టు ఆ పంటకి వదిలేయాలి.

బెంగళూరు చెరువుల సంగతి వేరు. ఇక్కడి చెరువులు గొలుసులా ఒకదాని అలుగు నీరు ఇంకోదాంట్లో పడేలా కట్టినవి. ఊరు ఎత్తైన పీఠభూమి మీద ఉంది కాబట్టి వాన నీరు మూడు పెద్ద లోయల్లోకి దిగుతుంది. హెబ్బాళ లోయ, కోరమంగల-చల్లఘట్ట లోయ తూర్పుకి వెళ్లి దక్షిణ పినాకినిలో, వృషభావతి పడమరకి వెళ్లి అర్కావతిలో కలుస్తాయి. ఒకప్పుడు వాన నీటిని మోసిన రాజకాలువెలు ఇప్పుడు ఇళ్ల మురుగునూ, పరిశ్రమల నీటినీ మోస్తున్నాయి. గొలుసులో కిందికి వెళ్లేకొద్దీ పై చెరువులన్నిటి మురికీ చేరుతుంది. బెళ్లందూరు నిండి వర్తూరులో పడుతుంది. నురగ రోడ్డెక్కిన చెరువులు అవి. బెళ్లందూరు చెరువు 2017 ఫిబ్రవరిలో ఒకసారి, 2018 జనవరిలో ఇంకోసారి మంటలంటుకుంది కూడా. ఆ గొలుసు చివర నిలబడి ఏది కోసినా దాని వెనక సగం ఊరు ఉన్నట్టు లెక్క.

ఆ నీటిలో సూక్ష్మజీవులు ఒక్కటే అయితే ఉడకబెట్టి గట్టెక్కవచ్చు. కాడ్మియం, సీసం, క్రోమియం, నికెల్ లాంటి లోహాలు ఉడికిస్తే పోవు. తడినేల మొక్కలు వేళ్లతో లోహాలను లాగి కాడల్లోకి, ఆకుల్లోకి ఎక్కించుకుంటాయి. పొన్నగంటి, ఎలిగేటర్ వీడ్ రెండూ ఆ పనిలో గట్టివే. ఆకు పైన అంటిన బురద కడిగితే పోతుంది, లోపలికి చేరింది పోదు. ఉప్పు నీళ్లు, పసుపు నీళ్లు, వెనిగర్ అన్నీ పైపై పనులే. అంతర్జాతీయ ఆహార ప్రమాణాల సంస్థ కోడెక్స్ ఆకుకూరలకు పెట్టిన హద్దు కిలో పచ్చి ఆకుకి సీసం 0.3 మిల్లీగ్రాములు, కాడ్మియం 0.2 మిల్లీగ్రాములు. అంత చిన్న మొత్తాలు రుచికీ వాసనకీ చిక్కవు. కాడ్మియం మూత్రపిండాల్లో చేరి ఏళ్లకేళ్లు ఉండిపోతుంది. సీసం పిల్లల మెదడు ఎదుగుదలని దెబ్బతీస్తుంది. ఒకసారి తింటే ఏమీ తెలియదు, వారానికి రెండుసార్లు తినే ఇంట్లోనే సమస్య.

అక్కడి ఆకు నిగనిగలాడుతూ, అరచేతిలో సగం పొడవుంది, బలంగా ఉంది కదా అన్నారు. అదే అనుమానించాల్సిన గుర్తు. మురుగులో నత్రజని ఎక్కువ, దాంతో ఆకు ముదురాకుపచ్చగా ఏపుగా వస్తుంది. తోటకూర కుటుంబపు మొక్కలు వాడుకోగలిగిన దానికంటే ఎక్కువ నైట్రేట్‌ని కాడల్లో దాచుకుంటాయి. పెద్దవాళ్లకి మామూలుగా ఇబ్బంది ఉండదు. కానీ అలాంటి కూర వండి రాత్రంతా బయట ఉంచితే సూక్ష్మజీవులు నైట్రేట్‌ని నైట్రైట్‌గా మారుస్తాయి, ఆరు నెలల లోపు పసిపిల్లలకి అది ప్రమాదం. మంచి నేలలో పెరిగిన పొన్నగంటి ఆకు చిన్నది, రంగు ఓ మోస్తరు, గట్టున ఎండ తగిలే చోట అంచులకి కొద్దిగా ఎరుపు కూడా. చూడ్డానికి దిగదుడుపుగా ఉండేదే వంటింటికి నయం.

ఊరికి వెళ్లి కోసుకొస్తాం అనుకుంటే అక్కడ కూడా ఒక మాట. మీ చుట్టాలు కోలారు వైపు ఉన్నారని రాశారు. కేసీ వ్యాలీ (పైన చెప్పిన కోరమంగల-చల్లఘట్ట లోయ) పథకం కింద 2018 జూన్ నుంచి బెంగళూరు మురుగును రెండో దశ వరకు శుద్ధి చేసి కోలారు జిల్లా చెరువులకు ఎత్తిపోస్తున్నారు. పథకంలో పెట్టుకున్నవి 126 చెరువులు. భూగర్భజలం పెంచడానికి వేసిన పథకం అది, కూరగాయలు తడపడానికి కాదు. లోహాలను ప్రత్యేకంగా తీసే మూడో దశ శుద్ధి అందులో లేదు. కాబట్టి "మా ఊరి చెరువు" అన్నంత మాత్రాన వాన నీటి చెరువు అనుకోకండి. ఊళ్లో అడగండి: ఎండాకాలంలో కూడా నిండుగా ఉంటోందా? పైపు నీరు పడుతోందా? అవునంటే చెరువు అంచు వదిలి, బోరు కాలవ గట్టుకి వెళ్లండి.

బెంగళూరులో బాగుచేసిన చెరువుల దగ్గర ఇంకో పొరపాటు జరుగుతుంది. జక్కూరు చెరువులో శుద్ధి కేంద్రం నుంచి వచ్చే నీరు ముందు నీటిమొక్కల మడుగు గుండా వెళ్లి, తర్వాత పెద్ద చెరువులో కలుస్తుంది. నీళ్లు తేటగా ఉన్నాయి, పక్షులొస్తున్నాయి అని జనం అలాంటి చోట ఆకు కోస్తారు. నీళ్లలోని మలినాన్ని పీల్చుకోవడం కోసమే ఆ మొక్కల్ని అక్కడ ఉంచారు. నీరు తేటపడింది అంటే అందులోది ఎక్కడికో వెళ్లింది కదా. వెళ్లింది ఆ మొక్కల్లోకి, అడుగు బురదలోకి.

మరీ అనుమానమైతే పరీక్ష చేయించవచ్చు. ఎన్‌ఏబీఎల్ (పరీక్షా కేంద్రాలకి గుర్తింపునిచ్చే జాతీయ సంస్థ) గుర్తింపు ఉన్న ఆహార పరీక్షా కేంద్రంలో సీసం, కాడ్మియం, క్రోమియం, ఆర్సెనిక్ నాలుగూ అడగండి. అర కిలో ఆకు, మీరు వండేముందు ఎలా కడుగుతారో అలాగే కడిగి, నీరు ఆరబెట్టి, శుభ్రమైన పాలిథిన్ సంచిలో ఇవ్వండి. ఫలితం పచ్చి బరువు మీద ఇచ్చారా, ఎండు బరువు మీద ఇచ్చారా చూసుకోవాలి, ఎందుకంటే హద్దులు పచ్చి బరువు మీదవి. ఎండు బరువు మీద వచ్చిన అంకెని నేరుగా పోలిస్తే కొన్ని రెట్లు తేడా వస్తుంది, అనవసరంగా హడలిపోతారు. పరీక్ష ఆ చోటికి, ఆ రోజుకి మాత్రమే. వానాకాలంలో తీసిన నమూనా బాగుంటే వేసవిలో కూడా బాగుంటుందని కాదు.

పచ్చిగా మాత్రం ఏ తడినేల ఆకూ వద్దు, ఎంత శుభ్రమైన ఊరిదైనా సరే. నత్తలుండే నీళ్లలో పశువులు దిగితే కార్జపు జలగల చక్రం నడుస్తుంది. వాటి పిల్లలు నీటి అంచు మొక్కల మీద కంటికి కనబడని తిత్తులుగా అంటుకుంటాయి. గొర్రెలకి జలగ వ్యాధి వచ్చేది అలాంటి మేత నుంచే. మనుషులకి అరుదు, వచ్చేది మాత్రం ఇదే దారిలో, పచ్చి ఆకు తిన్నప్పుడు. ఉప్పు నీళ్లలో నానబెడితే అవి ఊడవు, మరిగే నీళ్లలో చస్తాయి. పొన్నగంటిని మనం ఎలాగూ ఉడికిస్తాం. సరస్వతి ఆకుతోనే జాగ్రత్త. ఇక్కడ ఒందెలగ అని అదే తడినేల నుంచి కోసి పచ్చి చట్నీ, తంబుళి (మజ్జిగతో కలిపే పచ్చి ఆకు పచ్చడి) చేస్తారు. తంబుళికి కుండీ ఆకు తప్ప ఇంకోటి వాడకండి.

ఇప్పుడు మూడో ప్రశ్న. పెంచడం చాలా తేలిక, ఈ మొక్క బతకడానికి మన సాయం పెద్దగా అక్కర్లేదు. ఇబ్బంది అంతా ఆకు కోతకి వచ్చేలా ఉంచడంలోనే.

మొదలు కోసం బజారు కట్ట చాలు. కణుపుల దగ్గర తెల్ల వేళ్లు మొలకెత్తుతున్న, పంగల్లో పూముద్దలు అంటుకుని ఉన్న కాడలు ఏరండి. అప్పుడు జాతి కూడా తేలిపోతుంది. 12 నుంచి 15 సెంటీమీటర్ల ముక్కలు చేసి, కింది ఆకులు తుంచి, రెండు కణుపులు మట్టిలోకి పోయేలా నాటాలి. తలకిందులుగా నాటడం మామూలుగా జరిగే పొరపాటు. కాబట్టి కోసేటప్పుడే కింది చివర ఏటవాలుగా, పై చివర అడ్డంగా కోయండి. ఆ కట్ట మురుగు నీటిదేమో అన్న భయం ఉంటే మొదటి కోత పారేయండి. తర్వాత వచ్చే చివుళ్లు మీ మట్టి, మీ నీరు తిని పెరిగినవే.

తొట్టి లోతు కంటే వెడల్పు ముఖ్యం. పాకే మొక్క కదా. అడుగున్నర వెడల్పు, ఎనిమిది అంగుళాల లోతు ఉన్న తొట్టి తీసుకోండి. రెండు పాళ్లు ఎర్రమట్టి, ఒక పాలు బాగా మాగిన పశువుల ఎరువు లేదా వర్మీకంపోస్టు, ఒక పాలు కొబ్బరిపొట్టు. అందులో నాలుగు అంగుళాల ఎడంతో ఎనిమిది పది ముక్కలు పడతాయి. కింద పళ్లెం పెట్టి అందులో వేలెడు నీరు ఉంచితే మట్టి ఎప్పుడూ తడిగా ఉంటుంది. కానీ ఆ నీటిని రెండు రోజులకోసారి పారబోసి పళ్లెం రుద్ది కడగండి, లేకపోతే డెంగీ దోమల్ని పెంచినట్టే.

నీరు ఏది పోస్తున్నారన్నది అపార్ట్‌మెంట్లలో ఎవరూ ఆలోచించరు. చాలా సముదాయాల్లో తోట కొళాయికి వచ్చేది సముదాయం సొంత శుద్ధి కేంద్రంలో (ఎస్‌టీపీ) శుద్ధి చేసిన మురుగు నీరే. పూలమొక్కలకి బాగుంటుంది, ఆకుకూరకి వద్దు. చెరువు దగ్గర వద్దనుకున్నదాన్ని బాల్కనీలోకి తెచ్చుకున్నట్టవుతుంది. నీళ్ల సాఫ్ట్‌నర్ వదిలే నీటిలో ఉప్పు ఎక్కువ, ఆకు అంచులు మాడతాయి. కావేరి నీరు, బోరు నీరు, కూరలు కడిగిన సబ్బు లేని నీరు, పట్టి ఉంచిన వాన నీరు ఏదైనా సరే.

నాలుగైదు గంటల ఎండ చాలు. నీడ ఎక్కువైతే కాడలు సాగి, ఆకులు పలచబడి రుచి చప్పబడుతుంది. ఎండ ఎక్కువై మట్టి ఆరిపోతే ఆకు చిన్నదై, ఎర్రబడి, నెల తిరక్కుండానే పూతకొస్తుంది. పూత పట్టిన కాడకి లేత ఆకు తగ్గిపోతుంది కాబట్టి కనబడినప్పుడల్లా చివర గిల్లేయండి. నాటిన 35, 40 రోజులకి మొదటి కోత. మట్టికి రెండు అంగుళాల పైన, రెండు కణుపులు వదిలి కోయాలి. నేల మట్టానికి కోస్తే మళ్లీ రావడానికి నెల పడుతుంది. సరిగ్గా కోస్తే 15, 20 రోజులకే తయారు. ప్రతి కోత తర్వాత గుప్పెడు వర్మీకంపోస్టు చల్లి, పైన పలచగా మట్టి కప్పండి. నలుగురున్న ఇంటికి వారానికి ఒక పూట కూర కావాలంటే మూడు తొట్లు, వంతులవారీగా. ఆరేడు నెలలకి కాడలు పుల్లల్లా ముదిరిపోతాయి. అప్పుడు లేత చివళ్లు ముక్కలుగా తీసుకుని కొత్త మట్టిలో మళ్లీ మొదలుపెట్టాలి. ఆకు అడుగున తెల్లటి పొక్కులు కనబడితే అది తెల్ల తుప్పు అనే తెగులు. ఆ కాడలు కోసి సంచిలో కట్టి పారేసి, అప్పటి నుంచి సాయంత్రం కాకుండా పొద్దున, ఆకు మీద కాకుండా మొదట్లో నీళ్లు పోయండి.

వంటకి ఏరేటప్పుడు కాడని వంచి చూడండి. పుటుక్కున విరిగిన చోటు నుంచి పైభాగం తీసుకోండి, వంగి పీచులాగా వేలాడితే అది చెత్తబుట్టకి. పూముద్దలున్న కాడల నుంచి ఆకులు మాత్రం దూసుకోవాలి. పూలు వేస్తే నోట్లో ఊక నమిలినట్టుంటుంది. బజారు కట్టలో బరువు సగానికి సగం ఇలా పోతుంది, కాబట్టి 200 గ్రాముల ఆకు కావాలంటే 400 గ్రాముల కట్ట కొనాలి. వెడల్పు గిన్నెలో మూడుసార్లు కడగాలి. ప్రతిసారీ ఆకుని చేత్తో పైకి తీసి గిన్నెలో నీరు పారబోయాలి. గిన్నె వంచేస్తే అడుగు ఇసుక మళ్లీ ఆకు మీదికే వస్తుంది.

తోటకూర వండినట్టు వండితే పొన్నగంటి కుదరదు. దీనిలో నీరు తక్కువ, పోపులో వేయగానే తడి వదలదు. నేరుగా వేయిస్తే అంచులు మాడి, మధ్యలో తోలులా మిగిలిపోతుంది. వేపుడుకి ఇలా చేయండి: పావు కప్పు పెసరపప్పు 20 నిమిషాలు నానబెట్టండి. రెండు చెంచాల నూనెలో ఆవాలు, మినప్పప్పు, రెండు ఎండుమిర్చి, ఐదారు చిదిమిన వెల్లుల్లి రెబ్బలు, ఒక ఉల్లిపాయ. ఉల్లి మెత్తబడ్డాక 200 గ్రాముల తరిగిన ఆకు, నానిన పప్పు, చిటికెడు పసుపు, పావు కప్పు నీళ్లు వేసి మూతపెట్టి సన్న సెగ మీద ఏడెనిమిది నిమిషాలు. మూత తీసి తడి ఆరేదాకా వేయించి, అప్పుడు ఉప్పు. ముందే వేస్తే మూడోవంతుకి అణిగిన కూర ఉప్పుకషాయం అవుతుంది. చివర రెండు చెంచాల పచ్చికొబ్బరి. ఆకులోని కెరోటిన్ ఒంటబట్టాలంటే నూనె కొంతైనా ఉండాలి, కంటికి మంచిదని నూనె లేకుండా ఉడికించి పెట్టడం వల్ల ప్రయోజనం సగమే.

పప్పులో అయితే కుక్కర్లో కందిపప్పుతో కలిపి మూడు కూతలు పెట్టడం అలవాటు, దాంతో కూర నల్లబడి మట్టి వాసన కొడుతుంది. ముప్పావు కప్పు కందిపప్పు విడిగా ఉడికించి, ఆకుని పచ్చిమిర్చితో గిన్నెలో మెత్తగా మగ్గించి కలపండి. చింతపండు గోలీ కాయంత, అదీ ఆకు పూర్తిగా ఉడికాకే. పులుపు ముందు తగిలితే కాడ మెత్తబడదు, రంగూ గోధుమకి తిరుగుతుంది.

కన్నడ ఇళ్లలో ఆకు ఉడికించిన నీళ్లతో బస్సారు చేస్తారు. మీ తొట్టి ఆకుతో నిస్సంకోచంగా చేసుకోండి. బజారు ఆకైతే 250 గ్రాములకి లీటరున్నర మరిగే నీళ్లలో మూత లేకుండా ఐదు నిమిషాలు ఉడికించి ఆ నీరు పారబోయడం మంచిది. అందులో నైట్రేట్, కరిగే ఆక్సలేట్ చాలావరకు పోతాయి. మీ మామగారికి మూత్రపిండాల్లో రాళ్లు వచ్చాయన్నారు కాబట్టి ఆయనకి ఏ ఆకైనా ఇలా నీరు వంచి, పెరుగన్నంతో, అదీ ఎప్పుడైనా ఒకసారి పెట్టండి. పెరుగులోని కాల్షియం మిగిలిన ఆక్సలేట్‌ని పేగులోనే పట్టుకుంటుంది. రక్తం పలచబడడానికి వార్ఫరిన్ వాడేవాళ్లుంటే ఆకుకూర మొత్తాన్ని ఒక్కసారిగా పెంచకూడదు, డాక్టర్ని అడిగాకే.

పేర్ల గురించి ఒక్క మాట, మీరు చివర్లో తూటికూర కూడా దొరుకుతోందన్నారు కాబట్టి. తినే తూటికూర నీటి మీద పాకే తీగ, ఆకు బల్లెం మొనలా ఉంటుంది. మన జిల్లాల్లో తూటికాడ అని నిలువుగా పొదలా, మనిషెత్తు పెరిగి, గులాబి రంగు గన్నేరు పూల లాంటి గరాటు పూలు పూసేదాన్ని కూడా అంటారు. అది విషం, మేకలు తిని పిచ్చెత్తినట్టు తిరిగేది దానివల్లే. నిలువుగా నిలబడి ఉంటే దాని జోలికి పోకండి.

మీరు ఇప్పటికే కోసి తెచ్చిన సంచి సంగతి. ఎలిగేటర్ వీడ్ మన దగ్గర విత్తనంతో కాదు, తెగిన ముక్కలతోనే వ్యాపిస్తుంది. ఒక్క కణుపు ఉన్న ముక్క చాలు. కాబట్టి కాలవలో, తడి చెత్త గుంటలో, వాన నీరు పారే చోట పారేయకండి. డాబా మీద గచ్చు నేలపై పలచగా పరిచి, కాడలు ఫటఫట విరిగేంత వరకు, అంటే మంచి ఎండలో వారం పది రోజులు ఎండనివ్వండి. తిరగేసి చూసినప్పుడు ఏ కణుపు దగ్గరా పచ్చదనం లేకపోతే అప్పుడు చెత్త బండికి ఇచ్చేయవచ్చు.